కిలోకి మూడు సెకన్లు

తూనికలూ కొలతలూ తనిఖీ చేసే ప్రమాణాల శాఖలో చాలాకాలం పనిచేసినవాళ్లకు ఒక జబ్బు పట్టుకుంటుంది. దేన్ని చూసినా ముందు దాని బరువెంతో అంచనా కడతారు. పెళ్లికి వెళితే వధూవరుల్ని చూడరు, గాడిపొయ్యి మీద గుండిగను చూస్తారు. సంతలో గుమ్మడికాయ కనిపిస్తే చెయ్యి దానంతటదే లేస్తుంది. సీనియర్ అసిస్టెంటు పురుషోత్తానికి ఆ జబ్బు బాగా ముదిరింది. అయితే అన్నేళ్ల సర్వీసులో ఆయన అంచనా కట్టనిది ఒక్క తన బరువే. ఆ లోటు ఆఫీసు తీర్చింది.

నాగావళి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఏటా శివరాత్రి వెళ్లాక ప్రభుత్వ శాఖల మధ్య పరుగు పందెం జరుగుతుంది. ఒక్కో ఆఫీసు నుంచి ఐదుగురు, ఐదు కిలోమీటర్లు. ఐదుగురి సమయాలూ కలిపి లెక్క వేస్తారు. ఈ కలపడం అనే నియమం వల్ల ప్రమాణాల శాఖకు ఏటా ఆఖరి స్థానం ఖాయం. మిగతా నలుగురూ వచ్చేసి, చెమట తుడుచుకుని, మజ్జిగ తాగి, మరో గ్లాసు తాగి, షామియానావాళ్లు వచ్చి కర్రలు పీకుతూ ఉండగా దూరంగా మలుపులో పురుషోత్తం కనిపించేవాడు. ముగింపు గీత గీసిన సున్నం అప్పటికే కాళ్ల కింద పడి చెరిగిపోయేది. ఎక్కడ ఆగాలో తెలియక ఆయన మరికాస్త దూరం పరిగెత్తేవాడు. ఆ దూరానికి ఎవరూ మార్కులు వేయలేదు.

భార్య సుభాషిణి పోయాక మొదలుపెట్టిన పరుగు అది. ఆవిడ పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి ఆయన ఆఫీసుకు బయల్దేరేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. ఆ మాటలు లేని పొద్దుటిపూటను ఏం చేసుకోవాలో తెలియక కాలేజీ గ్రౌండుకు పోవడం మొదలుపెట్టాడు. దాన్ని పరుగు అని ఆయన అనుకునేవాడు. చూసేవాళ్లు ఇంకా ఏ పేరూ పెట్టలేదు. గ్రౌండులో ఒక నల్లకుక్క అందరి వెంటా పడేది. ఈయన్ని చూసి మాత్రం పడుకున్నది పడుకున్నట్టే ఉండేది. ఈయన్ని తరమడం తన పరువుకు తక్కువనుకుందో, జాలే పడిందో. జాలి కిందనే ఆయన జమ కట్టుకున్నాడు. అలాంటి చిన్న చిన్న మినహాయింపులు దొరికినప్పుడు కారణం అడగకూడదని ఒంటరివాడయ్యాక నేర్చుకున్నాడు.

ఆ మినహాయింపుల్లో పెద్దది గిన్నెలు. కర్మకాండ ముగిసి చుట్టాలు బస్సెక్కిన సాయంత్రం, పై వాటాలో ఉండే, ఆయన అక్క వరసగా అప్పా అని పిలిచే అచ్చియ్యమ్మ ఒక స్టీలు గిన్నెలో గుమ్మడికాయ పులుసు తెచ్చి గడప లోపల పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు గిన్నె తిరిగివ్వాలి. ఆ వీధిలో ఎవరి గిన్నే ఉత్తిగా తిరిగి వెళ్లదు, అది ఆచారం. ఇల్లంతా వెతికితే పంచదార దొరికింది. పోసిచ్చాడు. ఆవిడ ఆ పంచదారతో కొబ్బరి లౌజు చేసి అదే గిన్నెలో పంపింది. దానికి బదులుగా ఈయన ఉప్మా చేశాడు. అడుగంటింది.

"మాడు వాసన నాకిష్టమే తమ్ముడూ," అంది అచ్చియ్యమ్మ.

చూస్తుండగానే ఎదురింటివాళ్లూ మూలింటివాళ్లూ ఆ చక్రంలోకి దిగారు. పనసపొట్టు కూర వచ్చేది, అరటిపళ్లు వెళ్లేవి. చేమదుంపల పులుసు వచ్చేది, మాడిన ఉప్మా వెళ్లేది. ఏ గిన్నె ఎవరిదో, ఎవరి వంతు ఎప్పుడో తేలే అవకాశం లేకుండా పోయింది. తేలకపోవడమే ఆయనకు కావలసింది. తేలితే ఏదో ఒక గిన్నె ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. గిన్నెతో పాటు గుమ్మంలో నాలుగు మాటలు కూడా వచ్చేవి. ఆ ఇంట్లో వినిపించే మాటలు అవే. వాటితో పాటే పన్నెండు కిలోలు కూడా వచ్చి చేరాయి. వాటిని ఆయన గమనించలేదు. పంచె కాబట్టి గమనించే అవసరం రాలేదు.

ఇలా ఉండగా ఆఫీసుకు కొత్త ఉప నియంత్రకులు వచ్చారు. పేరు త్రివిక్రమరావు. ఆయన వస్తూ వస్తూ రైల్లో ఎవరో వదిలేసిన పత్రికలో సగం చిరిగిన వ్యాసం ఒకటి చదివారు. బరువు తగ్గితే పరుగు వేగం పెరుగుతుందని అందులో ఉంది. మిగతా సగంలో ఏముందో ఆ కాగితంలో వడలు కట్టించుకున్న పెద్దమనిషికే తెలియాలి.

చేరిన వారంలోనే సమావేశం పెట్టారు.

"మనది ఏ శాఖ?" అని అడిగారు.

"ప్రమాణాల శాఖండి," అన్నారు అందరూ.

"జిల్లాలోని సమస్త తూకమూ మన హస్తగతమై యుండగా, పరుగునందు మనము ట్రెజరీ వారికి వెనుకబడుట ఏమి? ఒక కిలో దేహభారము తగ్గిన యెడల కిలోమీటరుకు సుమారు మూడు సెకన్లు ఆదా యగునని విజ్ఞులు తెలిపియున్నారు. అనగా ఈ పందెము కాళ్లకు సంబంధించినది కాదు. కాటాకు సంబంధించినది."

జూనియర్ అసిస్టెంటు మేరీ సుగుణ లేచింది. ఐదుగురిలో నిజంగా పరిగెత్తగలిగినది ఆవిడ ఒక్కతే.

"మరి ప్రాక్టీసు సార్?"

"ప్రాక్టీసుకు ప్రమాణము లేదమ్మా. మీరు పరుగెత్తితిరని దాఖలా ఏమి? బరువుకు కాటా ఉన్నది. కాటాకు ముద్ర ఉన్నది. ముద్రకు నేనున్నాను."

మర్నాటి నుంచి పొద్దుటి ప్రాక్టీసు రద్దయి, పొద్దుటి తూకం మొదలైంది. దానికోసం ఒక బెల్లం వ్యాపారి దగ్గర పట్టుకున్న పెద్ద కాటాను గోదాములోంచి బయటికి లాగారు. రైతుల దగ్గర బెల్లం దిమ్మలు కొనేటప్పుడు తక్కువ చూపిస్తోందనే దాన్ని పట్టుకున్నారు. మొదటిరోజే ఆఫీసు యావత్తూ తేలికగా తేలింది.

"ఈ కాటా మీద రైతులు మునిగిపోయారు, మనం సన్నబడిపోయాం," అని సుగుణ పురుషోత్తం చెవిలో అంది.

ఆ తేలికదనంలో కూడా పురుషోత్తానికి ముల్లు చాలా దూరం వెళ్లింది. ఆయన సీటుకు వచ్చి కూర్చున్నాడు. చదివింది బీఎస్సీ, అదీ ఫిజిక్సు. కాగితం తీసి లెక్క వేశాడు. కిలోకి కిలోమీటరుకు మూడు సెకన్లు, ఐదు కిలోమీటర్లకు పదిహేను. ఆ చొప్పున తన ఒంట్లో ఉన్న బరువు మొత్తం, ఎముకలతో సహా తగ్గించుకుంటే ఇరవై నిమిషాలు కలిసొస్తాయి. అప్పటికీ ట్రెజరీ హెడ్ అకౌంటెంటుకు తాను వెనకే ఉంటాడు. అంటే పురుషోత్తం ఈ లోకంలో బొత్తిగా లేకపోయినా ఆఖరి స్థానం ఆయనదే. ఇంత స్థిరమైన స్థానం ఎవరికి దొరుకుతుందని ఆయన కాసేపు సంతోషించాడు.

సంతోషం సాయంత్రానికి దిగిపోయింది. పందెం నాటికి పన్నెండు కిలోలు తగ్గాలి, తగ్గని యెడల కొండ మీది శిబిర కార్యాలయానికి బదిలీ అని ఉత్తర్వు వచ్చింది. కొండంటే ఆయనకు భయం లేదు. చలికి శాలువా ఉంది. కానీ అక్కడ ఒక గది, ఒక బీరువా, ఒక ఇన్‌ఛార్జి తప్ప వీధి లేదు. వీధి లేనిచోట గిన్నె ఎక్కడినుంచి వస్తుంది?

బరువు ఎక్కడినుంచి వస్తోందో ఆఫీసు కూడా విచారించింది. 'బయటి గృహముల నుండి పాత్రలలో అక్రమ రవాణా' అని తేలింది. అరికట్టడానికి ఇన్‌స్పెక్టర్ బంగార్రాజును స్ప్రింగు కాటా ఇచ్చి వీధి మొగలో కూర్చోబెట్టారు. వచ్చే ప్రతి గిన్నెనూ తూచి, గిన్నె బరువు తీసేసి, లోపలి పదార్థం బరువు పైకి రాయాలి. తూచాక పురుషోత్తానికి అందకుండా వెనక్కి పంపాలి.

మొదటి గిన్నెతో అచ్చియ్యమ్మే వచ్చింది.

"ఏటి బాబూ, మా పులుసుకి జొరవొచ్చినాదా? అలాగ యేలాడగట్టి సూస్తన్నావు?"

"డ్యూటీ అమ్మా. తూచాలి."

"తూస్తే రుసి తెలస్తాదేటి? కూకో. ఇస్తరాకు తెస్తాను."

బంగార్రాజు కూర్చున్నాడు. వెనక్కి పంపవలసిన గిన్నెలు వెనక్కి ఉత్తిగా వెళ్లకూడదన్న పట్టింపు ఆయనకూ వచ్చింది కాబోలు, మర్నాడు ఇంటినుంచి బూందీ తెచ్చాడు. పక్షం తిరిగేసరికి ఆయన బెల్టుకు మేకుతో కొత్త బెజ్జం పొడవాల్సి వచ్చింది. పందెం జట్టులో ఆయన కూడా ఉన్నాడని ఉప నియంత్రకులకు అప్పుడు గుర్తొచ్చింది.

వెంటనే కాపలా ఎత్తేసి, పురుషోత్తాన్ని గదిలోకి పిలిచారు.

"నిఘా వలన కాదు పురుషోత్తం గారు. ఇది అంతరాత్మకు సంబంధించిన విషయము. గిన్నెలు మీరే నిరాకరించవలెను. లేని యెడల బస్సు చార్జీలకు దరఖాస్తు పెట్టుకొనుడు."

ఆ సాయంత్రం పురుషోత్తం మెట్లెక్కి పై వాటాకు వెళ్లాడు. ఉత్తర్వు నకలు జేబులో పెట్టుకుని వెళ్లాడు. చెప్పలేని మాట చెప్పాల్సి వచ్చినప్పుడు సర్కారు ఉద్యోగి కాగితం వెంట తీసుకుపోతాడు.

"అప్పా, రేపట్నుంచి ఏమీ పంపకండి."

"ఎందుకలగ?"

ఆయన కాగితం తీశాడు. 'ఇందుమూలముగా' దగ్గర మొదలుపెట్టి సంతకం దాకా చదివాడు. అచ్చియ్యమ్మ వంకాయలు తరుగుతూ విన్నది.

"నా కూర బావులేదని సెప్పేస్తే అయిపోయేది గదా తమ్ముడూ. దీనికి ఇంత సదువు సదవాలా?"

"అది కాదప్పా..."

"సర్లే. ఆఫీసోలు సెప్పినారు గదా. ఉజ్జోగం గావాల గదా."

వీధిలో వార్తకు కాళ్లు అక్కర్లేదు, బరువూ ఉండదు. మర్నాడు ఏ ఇంటి గిన్నే రాలేదు. ఎదురింటావిడ తలుపు దగ్గర కనిపించి, నవ్వి, 'ఈయనకి పెడితే ఏ కేసవుతుందో' అన్నట్టు లోపలికి వెళ్లిపోయింది.

పురుషోత్తం తగ్గడం మొదలుపెట్టాడు. పెద్ద కష్టం కాలేదు. వండుకోవడం రాదు, వండుకున్నా మాడు వాసన ఇష్టమని చెప్పేవాళ్లు లేరు. అన్నం, మజ్జిగ, ఊరగాయ. రాత్రుళ్లు మంచినీళ్లు. గోడ మీద సుభాషిణి ఫొటో వంక చూసి, "చూశావా, నువ్వు చెప్పినన్నాళ్లూ తగ్గలేదు, గవర్నమెంటు చెబితే తగ్గాను," అన్నాడు ఒకరోజు. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు.

ఆఫీసులో మాత్రం ఆయన పేరు మారుమోగింది. ప్రతి సోమవారం తగ్గిన బరువును మూడుతో గుణించి, ఆ వారం ఎవరు ఎంత వేగంగా 'పరిగెత్తారో' బోర్డు మీద రాసేవారు. పురుషోత్తానికి ద్వితీయ స్థానం వచ్చింది. ప్రథమ స్థానం టైఫాయిడ్ పడిన స్టెనోది. ఉప నియంత్రకులు పూలగుత్తి పట్టుకుని స్వయంగా ఆస్పత్రికి వెళ్లి, మంచం మీది స్టెనోను 'ఇదే ఊపు కొనసాగించవలెను' అని ప్రోత్సహించి వచ్చారు. రోజూ గ్రౌండులో పది చుట్లు కొట్టే సుగుణ ఆ పట్టికలో అడుగున ఉండేది. పరుగు వల్ల ఆవిడకు కాళ్లు గట్టిపడి కాస్త బరువు పెరిగింది.

"ఆరోగ్యము విషయమై అశ్రద్ధ తగదమ్మా," అని ఆవిడకు మెమో ఇచ్చారు.

ఒక ఆదివారం పురుషోత్తం తన కొత్త వేగాన్ని చూసుకుందామని గ్రౌండుకు వెళ్లాడు. బోర్డు లెక్క ప్రకారం గాలిలా పోవాలి. మొదటి చుట్టు సగంలోనే గోల్‌పోస్టు పట్టుకుని కూర్చున్నాడు. నల్లకుక్క లేచి వచ్చి, మనిషేనా అన్నట్టు వాసన చూసింది. సుగుణ చుట్టు ఆపి సీసాతో నీళ్లిచ్చింది.

"బరువు తగ్గితే వేగం పెరుగుతుందండి, అబద్ధమేం కాదు," అందావిడ. "కానీ తిని, పరిగెత్తి తగ్గాలి. మీరు దిగులుతో తగ్గారు. దిగులుకి కిలోకి ఎన్ని సెకన్లో ఆయన చదివిన సగంలో లేదు."

"మిగతా సగంలో ఉండుంటుంది," అన్నాడు పురుషోత్తం.

పందెం దగ్గరపడింది. అన్ని శాఖల అధికారుల సంఘం సమావేశంలో త్రివిక్రమరావు ఒక ప్రతిపాదన పెట్టారు. వేగము బరువును బట్టి యున్నప్పుడు, బరువు తూచిన పిమ్మట మరల వేగము కొలుచుట ఒకే పన్నును రెండుమారులు వసూలు చేయుట వంటిది. కాబట్టి పరుగు తీసివేసి, తూకంతోనే పందెం ముగించాలి. ఒక్కో ఆఫీసు నుంచి ఐదు పోస్టులు. మొత్తం బరువు ఎవరిది తక్కువైతే వారిదే కప్పు. అందరూ బల్లలు చరిచారు. ఎండ ఉండదు, అంబులెన్సు అక్కర్లేదు, అధికారులు కూడా పాల్గొనవచ్చు.

వారం ముందు నమూనా తూకం జరిగింది. ప్రమాణాల శాఖవాళ్లు ఎండిన ఒరుగుల్లా వరసగా కాటా ఎక్కి దిగారు. స్టెనోను పట్టుకుని ఎక్కించారు, పట్టుకున్నవాళ్ల చేతులు తగలకుండా జాగ్రత్తపడ్డారు. ఇక కప్పు మనదే అనుకుంటుండగా నీటిపారుదలవాళ్లు వచ్చారు. పోస్టులు ఐదు. మనుషులు ముగ్గురు, ముగ్గురూ బొద్దుగానే ఉన్నారు.

"మిగతా ఇద్దరూ?" అని అడిగారు త్రివిక్రమరావు.

"ఖాళీలండి. రిటైరయ్యారు. భర్తీ కాలేదు."

రెండు ఖాళీలనూ పేరు పెట్టి పిలిచారు. ఎవరూ కాటా ఎక్కలేదు. ముల్లు కదల్లేదు. సున్న అని రాశారు. మొదటి స్థానం.

త్రివిక్రమరావు ఆ రెండు సున్నలనూ డైరీలో రాసుకున్నారు. మర్నాడు పురుషోత్తాన్ని పిలిచి కుర్చీ చూపించారు. సర్వీసులో ఆయనకు పైఅధికారి కుర్చీ చూపించడం అదే మొదలు.

"పురుషోత్తం గారు, ఎంత శ్రమించినను ఉన్న మనిషి తగ్గించుకొనగలిగినది కొంతయే. లేని మనిషి తగ్గింపు సంపూర్ణము. మన జట్టులో ఇప్పటికిని అధిక భారము మీది. మీ పోస్టు ఖాళీ యైన యెడల కప్పు మనది."

"సార్, చెప్పినంతా తగ్గానండి. తగ్గితే బదిలీ ఉండదన్నారు."

"తగ్గితిరి. ఆ క్రమశిక్షణను చూచియే మీపై ఈ నమ్మకముంచినాము."

ఏ బదిలీ తప్పించుకోవడానికి గిన్నెలు వదులుకున్నాడో ఆ బదిలీ చేతికి వచ్చింది. పెట్టె సర్దుకుని కొండ బస్సెక్కాడు. ఘాట్ రోడ్డు మీద బస్సు మూలుగుతుంటే, తన వల్ల కాదులే, ఇప్పుడు తేలికే కదా అని సర్దిచెప్పుకున్నాడు. శిబిర కార్యాలయం ఇన్‌ఛార్జి మంచివాడు. అల్లం టీ ఇచ్చాడు. తాగనిచ్చి, అప్పుడు చెప్పాడు.

"ఏమనుకోకండి సార్. వచ్చే ఏడు మేమూ పోటీకి దిగుతున్నాం. మాకు నాలుగు ఖాళీలు. జిల్లాలో మాకంటే తేలికైన ఆఫీసు లేదు. మిమ్మల్ని చేర్చుకుంటే మొత్తం పోతుంది. నేనే సెలవు పెడదామా అని చూస్తున్నా."

'చేర్చుకొనుటకు వీలుపడదు' అని రాసిచ్చి, తిరుగు బస్సు దాకా పెట్టె కూడా మోశాడు. పెట్టె బరువుకు ఆయనకు అభ్యంతరం లేదు.

పందెం రోజున పురుషోత్తం మళ్లీ ఊళ్లో దిగాడు. లోపలికి వెళితే ఎక్కడ ఉన్నట్టవుతుందోనని గ్రౌండు గోడ బయట నిలబడి చూశాడు. ప్రమాణాల శాఖ గెలిచింది. ఆయన కుర్చీని ఆఫీసు నుంచి తెచ్చి వేదిక మీద పెట్టారు. 'ఈ ఖాళీ చూపిన త్యాగనిరతి ఇతర పోస్టులకు ఆదర్శము కావలెను' అని త్రివిక్రమరావు మాట్లాడి, కుర్చీకి బంతిపూల దండ వేశారు. కప్పును కుర్చీలో పెట్టారు. ఫొటో తీశారు. తన దండను తాను చూసుకునే యోగం అందరికీ పట్టదు అనుకున్నాడు పురుషోత్తం. పూలు కూడా తాజావి.

ఆఫీసులో ఉండటానికి లేదు, కొండ మీద చేరడానికి లేదు. అలాంటి మనిషికి సర్కారులో ఒక స్థితి ఉంది. 'నిరీక్షణ' అంటారు. తదుపరి ఉత్తర్వుల వరకు జీతం వస్తుంది, మనిషి ఎక్కడా ఉండకూడదు. ఎక్కడా ఉండకూడదు కాబట్టి ఇంటికి వెళ్లాడు.

మధ్యాహ్నమైంది. వీధి పొడుగునా పోపుల వాసన. ఆయన తలుపు దగ్గర ఎవరూ లేరు. ఉండరని తెలుసు. లోపలికి వెళ్లి, పెట్టె దింపి, కాసేపు మంచం మీద కూర్చున్నాడు. ఇన్నాళ్లూ గిన్నెలు వాటంతటవే వచ్చేవి. అడిగిందెప్పుడూ లేదు. అడగడం ఎలాగో బీఎస్సీలో చెప్పలేదు, సర్వీసులోనూ నేర్పలేదు. లేచాడు. పట్టుకెళ్లడానికి ఇంట్లో పంచదార కూడా లేదు. ఉత్తి చేతులతోనే మెట్లెక్కాడు. మధ్యలో ఒకసారి ఆగి ఆయాసం తీర్చుకున్నాడు.

అచ్చియ్యమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తి చూసింది. ఎండిపోయిన ఆ మొహం చూసి కూడా మళ్లీ చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది.

"అప్పా, ఆకలేస్తోంది," అన్నాడు.

"ఎవలి కాయితం తెచ్చినావు ఈసారి?"

"ఏ కాయితమూ తేలేదు."

"మీ ఆఫీసోలు ఊరుకుంతారా?"

"ఆఫీసులో నేను లేనప్పా."

"కొండ మీదకి పోనావని సెప్పినారు."

"అక్కడా లేను."

"మరెక్కడున్నావు?"

ఆయన తన కాళ్ల కిందికి చూసుకున్నాడు. "ఇదిగో, ఇక్కడే."

అచ్చియ్యమ్మ చేట పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులూని లేచింది. లోపలికి వెళ్లి బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడైంది.

"కూకో. వంకాయుంది, పులుసు పెడతాను. ఏ ఆఫీసులోనూ లేనోడికి ఎంతొండాల? సోలెడు సాలునా?"

సోలలు, రెండేసి సోలల తవ్వలు పాతకాలపు కొలతలు, చట్ట ప్రకారం చెల్లవు. కనిపిస్తే పట్టుకోవాలి. ఎన్ని సంతల్లో ఎన్ని ఇత్తడి సోలలు పట్టుకుని సంతకం పెట్టించాడో ఆయనకే తెలియదు.

"సోలెడు ఏ మూలకప్పా," అన్నాడు ప్రమాణాల శాఖ సీనియర్ అసిస్టెంటు, గడప మీద చతికిలబడుతూ. "తవ్వెడు పొయ్యండి."